ఆరో పడక

మా టైర్ల షాపుకు ఎదురింట్లో గారేజీని ఆనుకుని ఒక చిన్న గది ఉంది. అందులో ఉండే మనిషిని వీధంతా ట్రైలరన్న అంటుంది. బతుకంతా రేవులో కంటైనర్ల ట్రైలరు తోలినవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "లారీ దిగితే కదా తమ్ముడూ పిల్లని చూసేది" అంటాడు. రిటైరయ్యాక అన్నగారింట్లో చేరాడు. చేరాడంటే ఆ గారేజీ గదిలో చేరాడని. లోపలికి భోజనాల వేళే పిలుపు.

ఆయనకి ఏడాదంతా ఒక ఎత్తు, వేసవిలో ఆ నాలుగు రోజులూ ఒక ఎత్తు. ఇంటిల్లిపాదీ సరస్సుల దగ్గరికి వెళ్తారు. అన్నగారి కొడుకు కారుకి వెనక ఒక ఇంటిబండి అద్దెకు తెచ్చి తగిలిస్తారు. చక్రాల మీద ఇల్లన్నమాట. పొయ్యి, సింకు, ఆరు పడకలు. అన్న, వదిన, కొడుకు, కోడలు, వాళ్ళ పాప, ఆరో పడక మీద ట్రైలరన్న. ఆ బండిని నీళ్ళ ఒడ్డున రెండు చెట్ల మధ్యకి రివర్సులో వెనక్కి పెట్టడం ఆ ఇంట్లో ఆయనొక్కడికే వచ్చు. పొద్దున్నే ఒడ్డున మడత కుర్చీ వేసుకుంటే పాప వచ్చి ఒళ్ళో కూర్చుంటుందట. ఇంటి దగ్గరేమో డీజిలు కంపని ఆ పిల్లని గారేజీ గదిలోకి రానివ్వరు. ఈ ఒళ్ళో కూర్చునే ముచ్చట నాకు ఎన్నిసార్లు చెప్పాడో! పంక్చర్ వేస్తూ వేస్తూ ఊఁ కొట్టేవాణ్ణి.

ఈ ఏడు కోడలు మెలిక పెట్టింది. వాళ్ళ అమ్మ కూడా వస్తుందట. పడకలేమో ఆరే. వియ్యపురాలిని నేల మీద పడుకోబెడతారా ఎక్కడైనా?

వదినగారు అరిచే మనిషి కాదు. మెత్తగా మాట్లాడుతుంది, అదే ప్రమాదం. ప్రయాణం ప్లాను వేస్తూ, అన్నం వడ్డిస్తూ అందట: "ఏమయ్యా, ఆ బండి వెనక్కి పెట్టడమేదో అబ్బాయికి నేర్పకూడదూ? వాడికి వచ్చేస్తే నీకీ వయసులో ఆ తిప్పలెందుకు? హాయిగా ఇంట్లో ఉంటావు. నీ పడక వియ్యపురాలికి సరిపోతుంది." అన్నగారు కంచంలోంచి తలెత్తలేదు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి, తమ్ముడి విషయంలో మరీనూ.

"అలాగే వదినా" అనేసి వచ్చి మా షాపు బల్ల మీద కూలబడ్డాడు ట్రైలరన్న. వింటుంటే నాకు ఒళ్ళు మండింది.

"సిగ్గులేదటయ్యా నీకు? నీ పడక ఊడగొట్టుకోడానికి నువ్వే పాఠాలు చెప్తావా?"

"చెప్తా తమ్ముడూ. జన్మలో రాకుండా చెప్తా" అన్నాడు.

నవ్వీ నవ్వీ నాకు పొట్ట నొప్పి పుట్టింది. కారు వెనక తగిలించి టైర్లు మోసుకొచ్చే నా ట్రాలీని పాఠాలకి నేనే ఇచ్చాను.

వెనక తగిలించిన బండితో ఒక తిరకాసు ఉంది. వెనక్కి పోయేటప్పుడు స్టీరింగు ఎడమకి తిప్పితే బండి కుడికి పోతుంది. కొత్తవాళ్ళకి తల తిరిగిపోతుంది. దానికి ఉపాయం చాలా చిన్నది. స్టీరింగుని కింది వైపు పట్టుకుంటే సరి, చెయ్యి ఎటు జరిపితే బండి అటే పోతుంది. ఈ ముక్క చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ట్రైలరన్న ఆ ముక్క తప్ప అన్నీ చెప్పాడు. "అద్దం చూడు! అటు కాదు, ఇటు! తిప్పు, తిప్పు, ఎందుకు తిప్పావ్?" అని వీధి అదిరేలా కేకలు. "నీకు ఆఫీసులో జీతమెవడిస్తున్నాడ్రా? చేతులా అవి, గరిటెలా?"

ప్రతి ఆదివారమూ ఇదే తంతు. జనం కాఫీ కప్పులు పట్టుకుని గేట్ల దగ్గరికొచ్చి నిలబడేవాళ్ళు. ఆ కుర్రాడు చెడ్డవాడేం కాదు. చిన్నప్పుడు ఇదే బాబాయి లారీలో కూర్చుని రేవంతా తిరిగినవాడు. "సారీ బాబాయ్, ఇంకోసారి చేస్తా" అనేవాడు. పోనుపోను ఆ సారీ కూడా మానేశాడు. స్టీరింగు పట్టుకుంటే వేళ్ళు వణికేవి.

"ఇక చాల్లే అన్నా, పాపం" అన్నాను ఒకసారి.

"పాపమా? నన్ను ఇంట్లో పడేసి పోతారంట, అది పాపం కాదా?" అని నా మీద ఇంతెత్తున లేచాడు.

ఆఖరి ఆదివారం ఇంటివాళ్ళంతా బయటికి వచ్చి నిలబడ్డారు. వియ్యపురాలు కూడా దిగింది. కుర్రాడు ట్రాలీని మా షాపు పక్క సందులోకి పెట్టాలి. పెట్టబోయాడు. ట్రాలీ అడ్డం తిరిగి కారు వెనక భాగాన్ని నొక్కేసి, ఆ ఊపుతో వచ్చి నా షట్టర్ని గుద్దింది. పేర్చిన టైర్లు దొర్లుకుంటూ రోడ్డెక్కాయి.

పాప చప్పట్లు కొట్టి, "నాన్నా! చేతులా అవి, గరిటెలా?" అంది.

వియ్యపురాలు ఫక్కున నవ్వింది. కోడలు నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. కుర్రాడి మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. కారు దిగి, తలుపైనా వెయ్యకుండా వచ్చి బాబాయి ముందు నిలబడ్డాడు.

"నాకు రాకూడదనే నేర్పావు కదా?"

కుర్రాడు లోపలికి వెళ్ళిపోయాడు. ఆ వెనకే అందరూ వెళ్ళారు. అప్పుడు ట్రైలరన్న కారెక్కి ట్రాలీని విడదీసి, సరిచేసి, ఒంటిచేత్తో, ఒక్క ఊపున సందులోకి పెట్టాడు. దిగి చుట్టూ చూశాడు. చూడ్డానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

"ఇంక నన్ను తీసుకెళ్ళక ఛస్తారా?" అన్నాడు.

ఆ వారమంతా మనిషి గాల్లో తేలిపోయాడు. మడత కుర్చీ దింపి తుడిచాడు. తెగిన పట్టీకి నా దగ్గర ట్యూబు ముక్క అడిగి తీసుకుని బిగించుకున్నాడు. పాపకని చిన్న గాలం కూడా కొన్నాడు.

వదినగారు నా షాపుకే వచ్చింది, షట్టరు సంగతి మాట్లాడ్డానికి. మరిది అక్కడే ఉన్నాడని ప్రయాణం ముక్క కూడా అక్కడే చెప్పేసింది.

"ఇంటిబండి మానేశామయ్యా. సరస్సు దగ్గర కాటేజీ దొరికింది. మా ఆరుగురికీ సరిపోతుంది. వెనక్కి పెట్టే గొడవే లేదు."

ఆవిడ అక్కడితో ఆగలేదు.

"కానీ అబ్బాయి స్టీరింగు ముట్టనంటున్నాడు. చేతులు వణుకుతున్నాయట. మాలో ఇంకెవరికీ కారు తోలడం రాదాయె. మమ్మల్ని కారులో దింపేసి నువ్వు బస్సులో వచ్చెయ్. బుధవారం మళ్ళీ బస్సులో వచ్చి తీసుకొద్దువుగాని."

"నేను కారులోనే పడుకుంటాలే వదినా" అన్నాడు. "ఎవరికీ అడ్డం రాను."

ఆవిడ ఎప్పటిలాగే మెత్తగా అంది: "నువ్వు కళ్ళబడితే వాడికి అన్నం దిగడం లేదయ్యా. కారు తోలేదాకా ఎలాగో ఓర్చుకుంటానన్నాడు. సెలవు వాడిది కదా, కాస్త వాడి సంగతీ చూడాలి."

ఆవిడ వెళ్ళాక నేను ఊరుకోలేదు. "ఆ తాళాలు వాళ్ళ మొహాన కొట్టు! నడిచిపోతారో, దేకుతూ పోతారో వాళ్ళ కర్మ! నీకు పౌరుషం ఉందా, లేదా?" అని చెడామడా తిట్టాను. ఆయన బల్ల అంచు గీరుతూ కూర్చున్నాడు.

"దింపేటప్పుడు నీళ్ళు కనిపిస్తాయిగా" అన్నాడు చివరికి.

శనివారం పొద్దున బయల్దేరారు. ఉతికిన చొక్కా వేసుకుని సామానంతా తనే ఎక్కించాడు. కుర్రాడు అన్నిటికన్నా వెనక సీట్లో కూర్చుని కిటికీ వైపు తిరిగిపోయాడు. పాప ముందు సీటు ఎక్కబోతే వియ్యపురాలు చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. కారు చాలా నెమ్మదిగా, ఒక్క కుదుపు లేకుండా పోయింది.

ఆదివారం షాపు తెరిచేసరికి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కోపం దాచుకోవడం నాకు చేతకాదు.

"ఏం, కడుపునిండా చూసొచ్చావా నీ సరస్సు?"

"నీళ్ళు కాటేజీకి వెనక వైపంట తమ్ముడూ. గేటు దగ్గరే దింపమన్నారు. సామాను వాళ్ళే లోపలికి పట్టుకెళ్ళారు."

"లోపలికి పోయి చూడొచ్చుగా, కాళ్ళు లేవా?"

"వదిన బస్సు టైమయిందంది."

జాకీ తీసి ఒక కారు కింద పెట్టాను, ఊరికే. ఆయన నా వీపు వైపు చూస్తూ అడిగాడు:

"బుధవారం తీసుకురావడానికి పోతానుగా. అప్పుడు ఒక్క నిమిషం చూసొస్తానంటే, అబ్బాయి ఏమైనా అనుకుంటాడంటావా?"