కదలని ఇంట్లో నిద్ర

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, ఎండాకాలం. రాజమండ్రిలో మాకొక కర్టెన్ల షాపు ఉంది. మా పనిని హోమ్ ఫర్నిషింగ్ అంటారు. కిటికీలకు తెరలు, సోఫాలకు కవర్లు, దిండ్లకు గలీబులు కుట్టించడంతో మొదలై, ఏ బీరువా ఏ గోడకు ఆనించాలి, ఏ గదికి ఏ రంగు వేయాలి అన్నదాకా ఇంటివాళ్ళు అడిగేవన్నీ అందులోకే వస్తాయి. పెద్ద పెద్ద ఇళ్ళు చాలానే చేశాను. తలుచుకున్నప్పుడు మాత్రం ముందుగా కళ్ళకు కట్టేది ఊరి చివర కాలనీలో ఒక హాలు, ఒక గది, ఒక వంటిల్లు ఉన్న చిన్న ఇల్లు.

మా షాపు వెనక గదిలో మిషను కుట్టే దుర్గది ఆ ఇల్లు. దుర్గది కోరుకొండ వైపు ఒక పల్లె. తల్లి చిన్నప్పుడే పోయింది. గోదావరిలో చేపలు పట్టే శ్రీనుని ఇష్టపడి చేసుకుంది. శ్రీను వాళ్ళది పడవలో కాపురం. రేవులో కట్టేసిన పడవ మీద వెదురు గూడు, దాని కింద వంట, పడక, సామాను, సమస్తం. శ్రీను పుట్టింది ఆ పడవలోనే. పెళ్ళయ్యాక కాలనీలో ఇల్లు రావడంతో మొగుడూ పెళ్ళాం అక్కడికి మారారు. శ్రీను తల్లి నూకాలమ్మ మాత్రం పగలంతా కోడలి దగ్గరుండి, పొద్దు వాలగానే రేవుకి నడిచి వెళ్ళిపోయేది.

ఒకరోజు మధ్యాహ్నం దుర్గ మిషను ఆపి నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"మేడమ్, మా అత్తని మా ఇంట్లో నిద్రపుచ్చాలండి. ఎలాగో మీరే చెప్పాలి."

నాకు నవ్వొచ్చింది. దాని మొహం చూసి ఆపుకున్నాను. అప్పుడు దుర్గకి ఆరో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి జాగ్రత్తగా ఉండాలని, రేవు మెట్లు దిగొద్దని, పడవ ఎక్కొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. శ్రీను అర్ధరాత్రి దాటాక వలలు తీసుకుని వేరే చిన్న నావలో వేటకి వెళ్ళిపోతే ఇంట్లో ఒక్కతే. ఏ నొప్పో వస్తే కేకేసినా పలికేవాళ్ళు లేరు.

"రమ్మంటే వస్తాదండి. పడుకుంటాది కూడాను. కళ్ళు మాత్రం మూతపడవు. తెల్లార్లూ అలా కూర్చునే ఉంటాది. నాలుగు రోజులు అలా ఉండి నీరసించిపోయింది. నేనే పంపేశానండి. శ్రావణం వచ్చేసరికి గోదారికి వరద ఎర్రనీరు వచ్చేస్తది. అప్పుడు ఆవిడ ఒక్కతీ ఆ పడవలో ఉంటే ఇక్కడ నాకు నిద్రుండదు."

మర్నాడే వెళ్ళి చూశాను. ఎవరి ఇంటికి వెళ్ళినా నేను మొదట టేపు తీయను. ఒక మూల కాసేపు కూర్చుంటాను. ఆ హాల్లో పావుగంట కూర్చునేసరికే నా జాకెట్టు తడిసిపోయింది. రెండు కిటికీలు. ఒకదానికి స్టీలు బీరువా అడ్డం. రెండోదానికి దళసరి మెరూన్ తెర. గోడల పైన ఉండే వెంటిలేటర్లకు దోమలు రాకుండా అట్టముక్కలు పెట్టి మేకులు కొట్టారు. పైకప్పుకి శ్రీను ముచ్చటపడి నీలం ఆయిల్ పెయింటు వేయించాడు. ట్యూబులైటు వెలిగిస్తే అది అద్దంలా మెరుస్తూ కళ్ళలో గుచ్చుతోంది.

నూకాలమ్మ గుమ్మంలోనే, సగం ఒళ్ళు వీధిలో సగం ఒళ్ళు ఇంట్లో పెట్టి కూర్చుంది. బక్కపలుచటి మనిషి. మాట మెత్తన.

"ఇరుగ్గా ఉందామ్మా ఇక్కడ?" అని అడిగాను.

"ఇరుకేంటమ్మా, మా పడవ ఇందులో సగం ఉండదు. ఇది సుబ్బరమైన ఇల్లు. నా కొడుకు కష్టం. కాకపోతే..." అని చుట్టూ చూసింది. "ఇది ఉలకదు, పలకదు. పక్కనెవరో ఊపిరి బిగబట్టుకుని పడుకున్నట్టుంటాది. అలాటి చోట నిద్రెలా పడతాదమ్మా?"

ఆ మాట అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. నాకు చేతనైనది ముందు చేశాను. బీరువాని కిటికీ ముందు నుంచి లోపలి గదిలోకి జరిపించాను. వెంటిలేటర్ల అట్టలు ఊడదీయించి సన్నటి దోమల జాలీ కొట్టించాను. గాలి ఒకవైపు నుంచి వస్తే సరిపోదు, వచ్చిన గాలి ఎదురుగా బయటికి పోవాలి. దీన్నే క్రాస్ వెంటిలేషన్ అంటాం. ఎంత ఫ్యాను పెట్టినా, పోయే దారి లేకపోతే వేడి అక్కడక్కడే తిరుగుతుంది. మెరూన్ తెర తీసేసి పల్చటి తెల్ల నూలు తెర కట్టాం. రాడ్డు కిటికీని ఆనుకుని కాకుండా జానెడు పైకి బిగిస్తే గది ఎత్తుగా కనిపిస్తుంది, తెర కింద గాలీ ఆడుతుంది. డాబా మీద రెండు పూతలు సున్నం వేయించాం. ఎండాకాలానికి అంతకంటే చవకైన చల్లదనం నాకు తెలియదు.

ఇల్లు చల్లబడింది. దుర్గ మొహం తేటపడింది. నూకాలమ్మ మెచ్చుకుంది, తెర కుచ్చిళ్ళు వేళ్ళతో తడిమి చూసింది, పొద్దు వాలగానే రేవుకి వెళ్ళిపోయింది.

కదలిక లేదనే కదా ఆమె బాధ, ఉయ్యాలబల్ల కడదామన్నాను. శ్రీనుకి నచ్చింది. పడవ పాత చెక్కలు ఊడదీసి బల్ల చేయిద్దామన్నాడు. నూకాలమ్మ ఆ మాటకి గట్టిగా అడ్డుపడింది.

"అది ఇంకా తేలుతుందిరా. తేలేదాన్ని ముక్కలు చేస్తావా?"

శ్రీను తలొంచుకున్నాడు. కూల్చిన ఇళ్ళ కలప అమ్మే చోట ఒక టేకు చెక్క దొరికింది. ఉయ్యాల కొక్కేలు ఎప్పుడూ పల్చటి శ్లాబుకి వేయకూడదు, దూలానికే వేయాలి. దూలంలో రంధ్రం చేసి దిగ్గొట్టి, లోపల విచ్చుకుని పట్టుకునే యాంకర్ ఫాస్టెనర్ బోల్టులతో మా మేస్త్రి గొలుసులు బిగించాడు. నూకాలమ్మ ఎక్కి పడుకుంది. దుర్గ మెల్లగా ఊపింది. మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నాం.

నాలుగు ఊపులకే ఆమె లేచి కూర్చుంది. "ఆపండమ్మా, కడుపులో తిప్పుతుంది!"

ముందు దుర్గ నవ్వింది, తరవాత శ్రీను, తరవాత ఆమే. పుట్టినప్పట్నించీ నీళ్ళ మీదే బతికిన మనిషికి ఉయ్యాల పడలేదు. ఆ బల్ల దుర్గకి అక్కరకొచ్చింది. కాళ్ళు వాచినప్పుడల్లా దాని మీదే చాపుకుని కూర్చునేది.

అప్పుడు నూకాలమ్మని అడిగాను, "మీ పడవ చూడొచ్చా?" అని.

"ఎందుకు చూడకూడదమ్మా, రండి."

ఎండ కాస్త మెత్తబడ్డాక రేవుకి వెళ్ళాను. ఆమె చెయ్యందించి ఎక్కించింది. నడుం వంచి గూడు కిందకి దూరాను. లోపల చాప, ఒక మూల పొయ్యి, వెదురు బద్దలకు వేలాడే గిన్నెలు, గరిటెలు, ఉప్పు డబ్బా, దువ్వెన. కూర్చున్న మనిషి చెయ్యి చాపితే అందని వస్తువే లేదు. టేపు తీసి, ఏది ఎంత ఎత్తులో ఉందో కొలుచుకున్నాను. నూకాలమ్మ ఏదో చెబుతోంది, వాళ్ళత్త గురించి, వరదల్లో పడవ లంకల వైపు కొట్టుకుపోయిన సంగతి. పడవ అడుగున నీళ్ళు చిన్నగా గుటకలేస్తున్నట్టు చప్పుడు. తాడు బిగుసుకుంటూ, వదులవుతూ. కాస్త నడుం వాలుద్దామని చాప మీద ఒరిగాను.

మెలకువ వచ్చేసరికి ఎక్కడున్నానో తెలియలేదు. కళ్ళ పైన వెలుగు పారుతోంది. వెదురు గూడు లోపలివైపు బంగారు రంగు గీతలు వల అల్లుకున్నట్టు కలుస్తూ, విడిపోతూ, మళ్ళీ కలుస్తూ ఉన్నాయి. ఆ వల ఒక్క క్షణం కూడా ఆగలేదు, తొందరా పడలేదు. నీళ్ళ మీద పడ్డ ఎండ అక్కడికెక్కి ఆడుతోందని అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కూడా లేవాలనిపించలేదు. నా చేతిలో టేపు అలాగే ఉంది.

నూకాలమ్మ నా పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతోంది.

"బాగా నిద్రోయారమ్మా," అంది, తన ఇంటికొచ్చిన చుట్టానికి భోజనం నచ్చినంత తృప్తిగా.

"మీరు పడుకునే ముందు దీన్నే చూస్తూ ఉంటారా?" అని పైకి చూపించాను.

ఆమె తలెత్తి చూసింది. "చూడ్డమేంటమ్మా, అది ఎప్పుడూ ఉండేదే కదా. మా శ్రీనుగాడు చంటివాడప్పుడు దాన్ని పట్టుకుందామని చేతులు చాపేవాడు."

ఆమెకు కావలసింది ఊపు కాదని అప్పుడు తోచింది. కళ్ళు తెరిస్తే పైన ఏదో ఒకటి మెలకువగా ఉండాలి. అంతే.

మర్నాడు పైకప్పు నీలం రంగు గరుకుకాగితంతో రుద్దించి, తెల్లటి మ్యాట్ ఫినిష్ వేయించాను. మెరుపు లేని రంగుని మ్యాట్ అంటారు. దాని మీద పడిన వెలుగు కళ్ళలో గుచ్చకుండా ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. పడమటి కిటికీ బయట, ఎండ పడేచోట, వెడల్పాటి సిమెంటు తొట్టి పెట్టించి అంచుదాకా నీళ్ళు నింపించాను. శ్రీను అడ్డు చెప్పాడు, "దోమలు ముసురుతాయి కదండీ, అసలే కడుపుతో ఉన్న మనిషి" అని. న్యాయమైన మాటే. నిలవనీళ్ళు ఇంటి పక్కన ఉంచితే దోమపిల్లల్ని తినే చేపలు వేయాలి, రెండు మూడు రోజులకోసారి సగం నీళ్ళు మార్చాలి. చేపలని చెప్పగానే శ్రీను నవ్వాడు. "ఆ పని నాకొదిలేయండి" అని సాయంత్రానికి గుప్పెడు చిన్న చేపలు తెచ్చి వదిలాడు. ఆ చేపలే మాకు పెద్ద సాయం చేశాయి. గాలి లేనప్పుడు కూడా అవి నీటిని కదుపుతూనే ఉన్నాయి.

పడవలో తీసుకున్న కొలతలు వంటింట్లో పనికొచ్చాయి. నిలబడి వండే గట్టు దుర్గకి ఉంచి, పక్కన కూర్చుని వండుకునేలా మూరెడు ఎత్తులో చిన్న గట్టు కట్టించాం. దాని పైన చెయ్యందే ఎత్తులో కొక్కేల వరస. ఇంట్లో పెద్దవాళ్ళుంటే మొదట చేయాల్సింది ఇదే. అటకల మీద సామాను కిందికి దించి, వాళ్ళు కూర్చున్నచోట నుంచి అందేలా పెట్టాలి. ఏ గిన్నె ఎక్కడన్నది నూకాలమ్మ చేతే పెట్టించాను.

ఎండ పడమటికి తిరిగాక ఆమెను హాల్లోకి పిలిచాం. ట్యూబులైటు ఆర్పి, తెల్ల తెర పక్కకి లాగింది దుర్గ. తొట్టి మీద నుంచి ఎండ కిటికీలోంచి ఎగిరి పైకప్పు మీద పడింది. మొదట ఒక మచ్చలా ఉంది. ఇంతలో ఏదో చేప తోక కొట్టింది. మచ్చ విచ్చుకుని గది అంతా వెలుగు వల పరుచుకుంది.

నూకాలమ్మ గుమ్మంలో ఉన్న చాప తెచ్చి హాలు మధ్యలో పరిచింది. వెల్లకిలా పడుకుంది. దుర్గ కూడా మెల్లగా వెళ్ళి ఆమె పక్కన ఒత్తిగిలింది. అత్త చెయ్యి కోడలి పొట్ట మీదికి వెళ్ళింది.

"వీడు లోపల ఇలాగే తేలుతుంటాడే," అంది నిద్రమాటలా.

కాసేపటికి ఇద్దరి ఊపిరీ ఒక్కలాగే వినిపించింది. నేను, శ్రీను చప్పుడు చేయకుండా బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాం. "టీ తాగుతారాండీ" అన్నాడు శ్రీను.

ఆ రోజు నుంచే ఆమె రాత్రిళ్ళు ఉండిపోయిందని చెబితే అబద్ధం. కొన్నాళ్ళు మధ్యాహ్నాలు పడుకుంది. ఒక ఉదయం దుర్గ షాపుకి వస్తూనే చెప్పింది, వీధిదీపం వెలుతురు తొట్టిలో పడి పైన సన్నగా ఆడుతోందట, అత్త దాన్ని చూస్తూ తెల్లారేదాకా పడుకుందట. తొట్టిని ఇంకొంచెం పక్కకి జరిపించింది కూడా ఆమేనట. ఆషాఢం చివర్లో నీరు ఎరుపెక్కింది. పడవని శ్రీను, అతని స్నేహితులు పై మెట్లకు చేర్చి కట్టారు. నూకాలమ్మ మూటతో ఇంటికొచ్చింది. వరద ఉధృతంగా ఉన్న వారంలోనే ఒక తెల్లవారుజామున దుర్గకి నొప్పులొచ్చాయి. శ్రీను పడవల దగ్గర కాపలా ఉన్నాడు. నూకాలమ్మే వీధిలో ఆటోవాణ్ణి లేపి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.

ఇప్పటికీ ఆమె పొద్దున్నే రేవుకి వెళ్ళి, పడవలో చేరిన నీళ్ళు తోడి, గూడు కింద కూర్చుని తల దువ్వుకుని, ఎండెక్కేసరికి మనవరాలి దగ్గరికి వచ్చేస్తుంది. రెండు ఇళ్ళున్న మనిషి అని దుర్గ వేళాకోళం చేస్తుంది.

ఆ తరవాత నా పనిలో ఒక్కటి మారింది. ఇంటికి పిలిచినవాళ్ళని ఏ రంగు కావాలి, ఏ మోడల్ కావాలి అని ముందే అడగను. "మీకు జీవితంలో బాగా నిద్రపట్టిన చోటేది?" అని అడుగుతాను. రైలు పైబెర్తు అని ఒకరు, వానాకాలం పశువుల పాక అని ఒకరు చెప్పారు. దాన్నిబట్టి వెలుతురు, గాలి, చప్పుడు ఎలా ఉండాలో నాకు తెలిసిపోతుంది. తణుకులో ఒకావిడ మేడ కట్టుకుని, హాలుకి ఫాల్స్ సీలింగు, షాండ్లియరు కావాలని పిలిపించారు. అదే మాట అడిగాను. ఆవిడ ఆలోచించారు. వంటింట్లోంచి ఎవరో పిలిస్తే "వస్తున్నా" అని కేకేసి, నా వైపు తిరిగి గొంతు తగ్గించి చెప్పారు.

"ఆసుపత్రిలోనండి. మా రెండోవాడు పుట్టినప్పుడు. మూడు రోజులు నన్నెవరూ లేపలేదు."

ఆ ఇంట్లో నేను మొదట బిగించింది షాండ్లియరు కాదు. ఆవిడ గది తలుపుకి లోపలివైపు గడియ.