నలభై పేర్లున్న సీడీ

2004 ఫిబ్రవరి 11, బుధవారం. నిజామాబాద్, మా డిగ్రీ కాలేజీ సెమినార్ హాలు. హాజరైనవారు: ప్రిన్సిపాల్, జంతుశాస్త్రం మేడం, అతిథిగా ఒక బీడీ కార్ఖానా మేనేజర్, ఫైనలియర్ విద్యార్థులు, కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌చార్జిగా నేను.

రెంజల్ నుంచి వచ్చే కరుణ ఆరోజు తన ప్రాజెక్టు చెప్పింది. వాళ్ల వాడలో బీడీలు చుట్టే నలభై మంది ఆడవాళ్లను దగ్గు గురించి అడిగి రాసుకుంది. దగ్గుందని తెలిస్తే కార్ఖానావాళ్లు బీడీలు చుట్టడానికి ఆకు ఇవ్వడం మానేస్తారని వాళ్ల భయం. పేర్లు ఎవరికీ చెప్పనని మాటిచ్చాకే నోరు విప్పారు. అందులో కరుణ ‘అవ్వ’ అని పిలిచే తల్లి కూడా ఉంది.

ఎక్సెల్ షీటులో వివరాలు ఎక్కించడం, దాన్నుంచి చార్టు తీసి స్లైడు మీద అతికించడం నేనే నేర్పాను. తెరమీద నీలిరంగు స్తంభాలే కనిపించాయి. పేర్లు లేవు.

"మంచిగ జేసినవ్ బిడ్డా. సార్, గిది నాకొక సీడీల ఎక్కియ్యిండ్రి. మా సేట్‌కు సూపిస్త" అన్నాడు మేనేజర్. సంతోషంగా ఎక్కించి ఇచ్చాను.

సాయంత్రం నాలుగింటికి ల్యాబులో చార్టు రంగు మార్చబోయి దానిమీద రెండుసార్లు నొక్కాను. వెనక మొత్తం షీటు తెరుచుకుంది. నేను బొమ్మ ఒక్కటే అతికిందనుకున్నాను; షీటంతా దానితోపాటే స్లైడులోకి వచ్చేసింది. పేరు, ఇంటి నంబరు, ఎన్నాళ్లుగా దగ్గు. నలభై వరుసలు.

"సార్, గిట్ల తెరుసుడు ఆయనకు ఎరుకనా?" పక్కనే ఉన్న కరుణ అడిగింది.

"నాకే ఇప్పుడు ఎరుకైంది."

"రేపు ఆకు ఇయ్యకుంటె అవ్వకు ఏం జెప్పాలె?"

వెంటనే కార్ఖానాకు ఫోన్ చేస్తే, మేనేజర్ పొద్దున రెంజల్ సెంటర్లో ఆకు పంచేటప్పుడు ఉంటారన్నారు.

మర్నాడు చార్టును ఉత్త బొమ్మగా మార్చిన కొత్త సీడీతో మొదటి బస్సెక్కాను. సెంటర్ ముందు ఆడవాళ్లు సంచులు పట్టుకుని వరుసగా నిలబడ్డారు. కరుణ కూడా వచ్చింది. పాత సీడీలో తప్పులున్నాయి, ఇది తీసుకోండి అన్నాను మేనేజర్‌తో. ఆయన నవ్వుతూ బ్యాగులోంచి పాత సీడీ తీసి నా చేతిలో పెట్టాడు.

"గీ మాత్రానికి గింత దూరం వస్తిరా సార్! మా ఆఫీసు కంప్యూటర్ల సీడీ వెట్టే జాగనే లేదు, అన్నీ ఫ్లాపీలే. ఇంక ఎవలు సూడనేలేదు."

నా ప్రాణం కుదుటపడింది. ఆయన లోపలికి వెళ్లగానే, ఇక పోదాం పద అన్నాను కరుణతో.

"దాస్తె మల్ల వాళ్లకు మొఖం సూపియ్యలేను సార్."

వరుస దగ్గరికి వెళ్లి జరిగిందంతా మెల్లగా చెప్పింది. నా పేరు ఎత్తలేదు. నేనే ముందుకు వెళ్లి, తప్పు నాదన్నాను.

"ఎవలదైతేంది సార్? మా పేర్లయితె ఆయన సంచిల ఉండె గద" అంది ఒక ముసలామె. తరువాత కరుణ వైపు తిరిగింది. "బిడ్డా, ఇంక కాయితం పట్టుకొని మా ఇంటికి రాకు."

విద్యార్థికి ఏది నేర్పినా, ఎవరి చేతికి ఏది ఇచ్చినా, దాని లోపల ఏముందో ముందు నేను తెరిచి చూసుకోవాలని ఆ మాటతో తెలిసింది. లోపల ఆకు తూకం మొదలైంది. వరుసలో ఉన్న కరుణ తల్లి కూతురి వైపు చూడకుండా ముందుకు జరిగింది.