కంప్యూటర్లో మా కరుణ కళ్ళు మూసుకుంది

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. కొల్లేరు ఒడ్డున పుట్టినదాన్ని. చీకట్లో నీళ్ళ మీద దీపాలు కదిలితే అవి వలలు తీసేవాళ్ళ లాంతర్లని నాకు చిన్నప్పుడే తెలుసు. చచ్చినవాళ్ళు తీర్పు రోజున కడబూర మోగేదాకా మట్టిలోనే ఉంటారని మా చర్చిలో నేర్పారు. ఇప్పటికీ నా నమ్మకం అదే.

నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

మాది గణపవరం దగ్గర పల్లె. నాకు ఒక్కతే కూతురు, పేరు కరుణ. పచ్చకామెర్లతో పోయింది. అప్పటికి దాని బిడ్డ జ్యోతికి ఎనిమిది నెలలు. అల్లుడు ఏడాది తిరక్కుండా చింతలపూడిలో ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. పిల్లను నేనే పెంచాను.

కరుణ బతికుండగా ఒక్క ఫోటో కూడా తీయించలేదు. అది చాలాసార్లు అడిగింది. "మనిషి ఎదురుగా ఉంటే కాగితం మీద బొమ్మెందుకే" అనేదాన్ని. దాని పెళ్ళికి కూడా ఫోటోలతన్ని పిలవనివ్వలేదు. కడుపులోకి పోనిదానికి ఖర్చు పెట్టడం నాకు చేతకాదు.

పోయిన రోజున మాత్రం పాస్టరమ్మగారు పట్టుబట్టారు. "పసిపిల్లకి తల్లి మొహమన్నా మిగలొద్దా అండీ" అని గణపవరం నుంచి స్టూడియో అతన్ని పిలిపించారు. మా వైపు ఇది కొత్తేమీ కాదు. ఫోటో లేకుండా పోయినవాళ్ళకు స్నానం చేయించి, మంచి బట్ట కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి తీయిస్తారు. తర్వాత స్టూడియోలో కళ్ళు తెరిచి ఉన్నట్టు రంగుతో దిద్దుతారు.

కరుణ తల నిలవలేదు. పక్కకు వాలిపోతోంది. నేనే కుర్చీ వెనక వంగి, జుట్టు పట్టుకుని తల నిలబెట్టాను. నా కుడిచేతి చూపుడు వేలి కొస పూర్వం చేపలు కోస్తుంటే కత్తిపీటకు తెగిపోయింది. ఆ చెయ్యి దాని చెవి పక్కన ఫోటోలో పడింది.

స్టూడియో అతను రెండు ఫోటోలు తెచ్చాడు. ఒకటి తీసింది తీసినట్టు ఉంది. రెండోది దిద్దింది. అందులో కళ్ళు తెరుచుకున్నాయి, పెదవి కాస్త నవ్వినట్టుంది, నా చెయ్యి ఉన్నచోట కనకాంబరాలు వచ్చాయి. మొదటిదాన్ని అప్పటికప్పుడు పొయ్యిలో పెట్టాను. బూడిదయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. ఆ తర్వాత కొన్నేళ్ళకు వరదొచ్చి స్టూడియోలో ఫిలింలన్నీ నీళ్ళపాలయ్యాయి.

దిద్దిన ఫోటో గోడకు తగిలించాను. జ్యోతికి ఊహ తెలిశాక, "నీకు పేరు పెట్టిన రోజున తీశారు, నిన్ను చూసి నవ్వుతోంది మీ అమ్మ" అని చెప్పాను. పిల్ల ఆ మాట పట్టుకునే పెరిగింది. అద్దంలో చూసుకుంటూ, "నా కళ్ళు అచ్చం అమ్మవే కదా అమ్మమ్మా" అనేది. అవునే అనేదాన్ని.

జ్యోతి డిగ్రీకి వచ్చేసరికి తాడేపల్లిగూడెంలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. నేను గంపలో ఎండుచేపలు అమ్మేదాన్ని. పిల్ల కాలేజీ అయ్యాక సత్తిబాబుగారి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చునేది. అప్పుడప్పుడే ఊళ్ళో అవి పుట్టుకొస్తున్నాయి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సువార్తమ్మ నలుగురిలో నన్ను ఆపింది. "ఏవండీ, మీ కరుణమ్మ ఏలూరులో టీచరుగా చేస్తోందటగా! మా అమ్మాయి కంప్యూటర్లో చూసిందండీ. మాకో మాటైనా చెప్పకుండా బతికించుకున్నారే!" అంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

మర్నాడు మధ్యాహ్నం గంప దించి సెంటరుకు వెళ్ళాను. జ్యోతి దాచలేదు, చూపించింది. అందులో ఎవరికివాళ్ళు పేరూ ఫోటో పెట్టుకుని ఒక పేజీ తెరుచుకోవచ్చట. ఇది రెండు తెరిచింది. ఒకటి తన పేరున, రెండోది వాళ్ళమ్మ పేరున, గోడమీది ఫోటోతో. తన పేజీలోంచి "అమ్మా, పరీక్ష బాగా రాశాను" అని రాయడం, మళ్ళీ తనే అమ్మ పేజీలోకి వెళ్ళి "నాకు తెలుసు నాన్నా, తిన్నావా?" అని జవాబివ్వడం. ఆరు నెలలుగా ఇదే పని. ఎక్కడెక్కడివాళ్ళో ఆవిడ నిజంగా ఉందనుకుని పలకరిస్తున్నారు. ఆవిడకు ఉద్యోగం ఉంది, ఏలూరులో ఇల్లుంది, క్రిస్మస్‌కు కొత్త చీర కూడా ఉంది.

ఒకచోట కరుణ రాసినట్టుగా ఇలా ఉంది: "మా అమ్మ చాలా మంచిది. నా ప్రతి పుట్టినరోజుకీ స్టూడియోకి తీసుకెళ్ళి ఫోటో తీయించేది."

నాకు ఒళ్ళు మండింది. "చచ్చినదాన్ని వీధిలో నిలబెట్టావు. తీసెయ్" అన్నాను.

"నీకేం పోయింది అమ్మమ్మా? ఇంట్లో ఉన్నది పటం. నాతో మాట్లాడే అమ్మ ఇక్కడే ఉంది" అంది. ఏడవలేదు, గట్టిగానే అంది. తీయకపోతే చదువు మాన్పిస్తానని చెప్పి వచ్చేశాను. అది తీయలేదు.

శుక్రవారం మధ్యాహ్నం జ్యోతి పరుగెత్తుకుంటూ గదికొచ్చింది. "అమ్మమ్మా, అమ్మ కళ్ళు మూసుకుంది" అంది. పిల్లకు మతి పోయిందనుకుని వెంట వెళ్ళాను.

పేజీలో కరుణ కళ్ళు మూసుకునే ఉంది. కింద ఎవరో, "క్లాసులో నిద్రపోతున్నారా టీచర్‌గారూ?" అని రాశారు. అదే ఫోటో సెంటరు కంప్యూటర్లో దాచినచోట తెరిచి చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాయి. పేజీలో పెడితే మూసుకుంటున్నాయి. సత్తిబాబుగారు మూడు కంప్యూటర్లలో చూశారు. ఏలూరులో చదివే సువార్తమ్మ కూతురికి ఫోన్ చేస్తే, అక్కడా మూసుకునే కనిపిస్తున్నాయంది.

"వైరస్ అయ్యుంటుందండీ మామ్మగారూ, ఇవి ఇలాంటి వేషాలే వేస్తాయి" అన్నారు సత్తిబాబుగారు.

జ్యోతి నా వైపు తిరిగింది. "తీసినప్పుడు అమ్మ కళ్ళు తెరిచే ఉంది కదా?"

"నిన్ను చూసి నవ్వుతుంటే తీశారని చెప్పలేదూ" అన్నాను.

అంతటితో ఊరుకుంటే సరిపోయేది. తప్పు యంత్రానిదేనని తేల్చి ఆ పిల్ల అనుమానం అక్కడికక్కడే తెంచాలనుకున్నాను. ఇంటికెళ్ళి పటం దింపి, చట్రం విప్పి, ఫోటో నా చేత్తోనే తెచ్చాను. "ఇదిగో అసలుది. మళ్ళీ పెట్టండి" అన్నాను. సత్తిబాబుగారు దాన్ని స్కానర్‌లో పెట్టారు. తెర మీద కళ్ళు తెరుచుకునే వచ్చింది. అందరం చూశాం. దాన్ని పేజీలో పెట్టారు.

కళ్ళు మూసుకుంది. ఈసారి కనకాంబరాలు కూడా లేవు. చెవి పక్కన, జుట్టులో, నాలుగు వేళ్ళున్నాయి. చూపుడు వేలికి కొస లేదు.

సత్తిబాబుగారు కాగితం మీద అచ్చు తీసి బల్లమీద పెట్టారు. జ్యోతి ఆ కాగితం చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని కాగితం పక్కన ఆనించింది.

"ఈ వేలు నీదే కదా అమ్మమ్మా?"

అబద్ధం చెప్పొచ్చు. మెల్లగా ఇంటికి తీసుకెళ్ళి చెప్పొచ్చు. పనివాళ్ళూ కాలేజీ పిల్లలూ చూస్తుండగా అడిగిందన్న కోపం నాకు. "నాదే. అది శవం. మెడ నిలవకపోతే జుట్టు పట్టుకుని కూర్చోబెట్టాను. నువ్వు ఇన్నాళ్ళూ కబుర్లు చెప్పింది శవంతో. ఇక చాలా?" అన్నాను.

జ్యోతి నా చెయ్యి వదిలేసింది. "మరి ఆ కళ్ళెవరివి?" అంది.

"స్టూడియో వాడివి. వాడికి వచ్చిన కళ్ళు వాడు వేశాడు."

ఆ సాయంత్రమే రెండు పేజీలూ తీసేసింది. నేను అడక్కుండానే తీసింది. ఇంటికొచ్చి, గోడకున్న అద్దాన్ని దింపి, మొహం లోపలికి తిప్పి మంచం కింద పెట్టింది. ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ తల దువ్వుకోవడానికి కూడా మళ్ళీ తీయలేదు.

కాల్చిన ఫోటోలోని నా చెయ్యి ఆ పేజీలోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఒక చదువుకున్నాయన పాతవాటి మీద రంగు పలచబడితే అడుగుది కనిపిస్తుందన్నారు. సరే అనుకున్నాను. కానీ గోడమీది ఫోటో ఈనాటికీ నా దగ్గరుంది. రంగు చెదరలేదు, కళ్ళు తెరిచే ఉన్నాయి. అచ్చు తీసిన కాగితమూ ఉంది, అందులో మూసుకునే ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి పాస్టరుగారికి చూపించాను. ప్రార్థన చేసి రెండూ నా చేతికే ఇచ్చారు.

జ్యోతి ఇప్పుడు ఏలూరులో ఉద్యోగం చేస్తోంది. నెలకోసారి వస్తుంది, మందులు తెస్తుంది, ఏ లోటూ చేయదు. గడపలో చెప్పులు విడిచి, "భోంచేశారా అండీ?" అని అడుగుతుంది.

ఆ శుక్రవారం దాకా నన్ను నువ్వు అనేది.