ఎత్తెక్కిన గూడ్సు బండి

కళ్ళజోళ్ళ దుకాణం ఆయన గురక పెడతాడన్న సంగతి ఆ మేడలో ఆయనకు తప్ప అందరికీ తెలుసు. పై అంతస్తువాళ్ళు మొదట్లో నీళ్ళ మోటారు అనుకుని వాచ్‌మన్‌ను కేకలేశారు కూడా.

చిత్రమేమిటంటే, పొద్దస్తమానం ఆయన చేసే పని చూపు తగ్గిందని జనం చేత ఒప్పించడమే. పేపరును చెయ్యి చాచినంత దూరాన పట్టుకుని "నాకు బాగానే కనిపిస్తుందండీ, ఈ మధ్య అచ్చే సన్నగా వేస్తున్నారు" అని వాదించే పెద్దమనుషుల ముక్కు మీద మెల్లగా ఒక జోడు పెట్టి, "చత్వారం నేరమేం కాదండీ. ఒప్పుకుంటే హాయి" అనేవాడు. అదే మనిషి ఇంట్లో గురక మాట ఎత్తితే, "నేనా? నాకసలు నిద్రెక్కడ పడుతుంది?" అనేవాడు.

భార్య బడిలో లెక్కల టీచరు. రుజువు లేని మాట ఆమె నోట రాదు. కూతురు చదువుకోసం హాస్టలుకు వెళ్ళి గది ఖాళీ అయ్యాక, "డాక్టరు దగ్గరికైనా రండి, ఆ గదిలోనైనా పడుకోండి" అంది. రెండింటిలో ఆయన చెవికెక్కింది రెండోదే. పెళ్ళయింది మొదలు ఆమెకు కుడిపక్కన పడుకున్న మనిషి. ఒకసారి మంచం మారితే మళ్ళీ ఎవరు పిలుస్తారు? కాబట్టి గురక ఒప్పుకోవడమంటే ఆయన లెక్కలో పక్క చుట్టుకోవడమే. ప్రాణం పోయినా ఒప్పుకోదలచలేదు.

ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి ఆవిరి ఇంజన్ల చప్పుడు. చిన్నప్పుడు రైలు యార్డు పక్కన పెరిగాడు. సెలవు రోజుల్లో ముచ్చటకి నడిపే పాత బండ్ల వెంట తిరిగి, జేబు రికార్డరులో చప్పుళ్ళు పట్టుకొచ్చి కంప్యూటరులో దాచుకునేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా టీచరమ్మ ఆ రికార్డరే తలగడ పక్కన పెట్టి సాక్ష్యం సేకరించింది. సాయంత్రం చూస్తే రికార్డరు ఖాళీ. ఆయన అలవాటు ప్రకారం ఉన్నవన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, రికార్డరును తుడిచేశాడు.

"సాక్ష్యం మాయం చేశారన్నమాట" అంది ఆమె.

"నేను వినను కూడా లేదు. ఒట్టు" అన్నాడాయన. నిజంగానే వినలేదు. అన్నిటికీ అంకెలే పేర్లు. ఏది ఏమిటో ఎవరికి తెలుసు?

ఇలా ఉండగా ఆమె తమ్ముడు వచ్చాడు. కంప్యూటర్లు బాగుచేసే మనిషి. బావ ఒంటరిగా ఇంజన్లు వింటూ కూర్చోవడం చూసి జాలిపడ్డాడు.

"బావా, నీలాంటి వాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు. ఒక ప్రోగ్రాం వేస్తాను. నీ దగ్గరివి వాళ్ళు తీసుకుంటారు, వాళ్ళవి నువ్వు తీసుకుంటావు. మధ్యలో దుకాణం ఉండదు."

"దుకాణం లేకపోతే ఎలారా? పాడైతే ఎవర్ని అడగాలి?"

"నన్ను అడుగు. ఏ ఫోల్డరు బయట పెట్టమంటావు?"

"మొత్తం పెట్టెయ్. మన దగ్గర దాపరికం ఏముంది?" అన్నాడు బావ దర్జాగా.

మర్నాడు తన రిపేరు దుకాణంలో ఉన్న బావమరిదికి బావ ఫోను. "ఒరేయ్, మన సరుకు పోతోంది! ఎవడో లాక్కుంటున్నాడు, తెర మీద గీత నిండిపోతోంది!"

"పోదు బావా. దీపంతో దీపం వెలిగిస్తే మొదటిది ఆరిపోతుందా? కంప్యూటరు ఆపకు, అంతే."

ఆ మాట అర్థమయ్యాక ఆయనకు దానకర్ణుడి అంశ వచ్చింది. కంప్యూటరు ఆపనివ్వడు. ఇస్త్రీ పెట్టెకి ప్లగ్గు కావాలని ఆమె వస్తే, "పాపం, ఎవరో సగంలో ఉన్నారు" అని అడ్డం నిలబడేవాడు. తానూ ఎవరెవరి దగ్గరినుంచో ముక్కలు ముక్కలుగా చప్పుళ్ళు దింపుకుని, ముక్కలన్నీ అతుక్కుని బండి కూత వేసేసరికి చిన్నపిల్లాడైపోయేవాడు.

అలా దొరికిందే ఆ ఆణిముత్యం. "భారీ గూడ్సు, నిట్టనిలువు ఎత్తు ఎక్కుతూ. చాలా అరుదు. చివర్లో తెలియని భాషలో స్టేషను ప్రకటన" అని ఎవరో పేరు పెట్టారు. మొదటి నిమిషం వినగానే ఆయన ఒళ్ళు పులకరించింది. మిగతాది ఒక్కడే వినడం పాపమనిపించి, ఆదివారం బావమరిదిని పిలిచి స్పీకర్లు తగిలించాడు.

పక్కగదిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్న టీచరమ్మ మొదటి ఊపుకే ఎర్ర పెన్ను కింద పెట్టింది. వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"రా, విను. ఇంజనంటే ఇదీ" అన్నాడాయన కళ్ళు మూసుకుని.

"ఎక్కడిదండీ?"

"ఏ మంచు కొండల్లోదో. ముసలిదే, కానీ దమ్ము చూడు."

"చూస్తూనే ఉన్నాను."

"ఇదిగో, ఇక్కడ ఆగుతుంది. అయిపోయింది, ఇక లేవదనుకుంటాం. అబ్బ... మళ్ళీ అందుకుంది చూశావా!"

ఆమె నవ్వలేదు. బావమరిది అక్క మొహం చూసి, స్పీకర్ల వైపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. బండి ఇంకో రెండు ఎత్తులెక్కింది. తర్వాత గాజులు కదిలిన చప్పుడు. ఆపైన స్టేషను ప్రకటన, స్పష్టంగా, తరగతి గదిలో పాఠం ముగిస్తున్నట్టు:

"కావున మావారు గురక పెడతారని నిరూపించబడినది."

"మన దగ్గర్నుంచి పోయిన సరుకే పేరు పెట్టించుకుని తిరిగొచ్చింది బావా!" అంటూ బావమరిది కుర్చీలోంచి జారి నేలమీద కూర్చున్నాడు.

కళ్ళజోళ్ళాయన కళ్ళు తెరవడానికి తొందరపడలేదు. ఎవరి గొంతో అనొచ్చు. మిషను తప్పు అనొచ్చు. కానీ రోజూ తన బల్ల ముందు పేపరును దూరంగా పట్టుకునే పెద్దమనుషులంతా వరసగా నిలబడి తనవైపే చూస్తున్నట్టనిపించింది.

"నాదే" అన్నాడు చివరికి. లేచి లోపలికి వెళ్ళి, తలగడ చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు.

"ఎక్కడికి?"

"అమ్మాయి గదిలోకి. నువ్వు గెలిచావుగా."

"తలగడ అక్కడ పెట్టండి" అంది ఆమె. "మీరిందాక మెచ్చుకున్నారే, ఆగి మళ్ళీ అందుకుందని. అలా ఆగినప్పుడల్లా లేచి కూర్చుని అంకెలు లెక్కపెట్టుకుంటూ ఉంటాను. మళ్ళీ అందుకునేదాకా నాకు ఊపిరాడదు. ఒప్పుకోని మనిషిని డాక్టరు దగ్గరికి ఎలా లాక్కెళ్ళను?"

ఆయన తలగడ తీసుకెళ్ళి మళ్ళీ కుడిపక్కనే పెట్టి వచ్చాడు. బావమరిది టీ పెడతానని వంటింట్లోకి తప్పుకున్నాడు.

డాక్టరు మంచివాడు. ఒళ్ళు తగ్గించమన్నాడు, పక్కకి తిరిగి పడుకోమన్నాడు, ముక్కుకి తగిలించుకునే ఒక చిన్న మిషను ఇచ్చాడు. మనిషి కుడిపక్కనే ఉన్నాడు, తలగడా అక్కడే ఉంది. ఆమె లెక్కలు ఇప్పుడు బడిలోనే చేస్తోంది.

ఇచ్చి పుచ్చుకునే చోట అబద్ధం ఉండకూడదని, ఆ రికార్డింగు కింద ఆయనే నిజం రాసిపెట్టాడు: "ఇది ఇంజను కాదు, నేను." సగంమంది నమ్మలేదు. దింపుకునేవాళ్ళు మాత్రం రెట్టింపయ్యారు. మొన్న ఒకాయన, ఇదే ఇంజనుది కొత్త రికార్డింగు ఏదైనా ఉందా అని అడిగాడు. ఆయన జవాబు రాయబోతుంటే, వెనకనుంచి టీచరమ్మ వంగి, కీబోర్డు తనవైపు లాక్కుని టైపు చేసింది:

"లేదండీ. ఇంజను షెడ్డులో ఉంది. మరమ్మతు బాగా జరుగుతోంది."