వంటింట్లో జీపు

మలయాలో చలి ఉంటుందని పెళ్ళయ్యేదాకా నాకు తెలియదు. ఇప్పుడు పోర్ట్ క్లాంగ్ అంటున్న రేవు ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న అక్కడ ఒక గోదాములో గుమాస్తా. ఎప్పుడూ ఉప్పుగాలి, చెమట, లారీల మోత. దుప్పటి అంటే మాకు కింద పరుచుకునేదే గాని పైన కప్పుకునేది కాదు. అలాంటిదాన్ని కెమరాన్ కొండల మీద, ఒక తేయాకు ఎస్టేటులో పనిచేసే డ్రెస్సర్‌కి ఇచ్చి చేశారు. డ్రెస్సర్ అంటే ఎస్టేటు ఆసుపత్రిలో డాక్టరు లేని రోజుల్లో, అంటే దాదాపు అన్ని రోజుల్లోనూ, డాక్టరు పని చేసే మనిషి.

అవి తెల్లదొరలు కమ్యూనిస్టుల మీద పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో గెరిల్లాలు, రోడ్ల మీద సైనికులు. సాయంత్రం సైరను మోగిందంటే ఎవరూ గుమ్మం దిగకూడదు. మళ్ళీ పొద్దున సైరను మోగేదాకా అంతే.

ఆసుపత్రికి ఒక పాత జీపు ఉండేది. పెద్ద యుద్ధం అయ్యాక సైన్యం అమ్మేసి పోయిన బండి. గుడ్డ టాపు, తలుపులు లేవు. తేయాకు తోటల మధ్య బురద దారుల్లో, రాళ్ళ గట్ల మీద అది ఎక్కని చోటు లేదు. చలికి మాత్రం తట్టుకోలేకపోయేది. తెల్లవారేసరికి ఇంజన్లో నూనె చిక్కబడిపోయేది. పొగమంచు చెమ్మ లోపలి తీగలన్నిటికీ పట్టేది. మా ఆయన ముందు వైపు ఇనప హ్యాండిల్ పెట్టి తిప్పీ తిప్పీ అరచేతులు బొబ్బలెక్కించుకునేవాడు. అది దగ్గి, కూలబడి, మళ్ళీ దగ్గి, ఎండ వచ్చాక కదిలేది. అప్పటికి ఎస్టేటులోని దూరపు డివిజన్లలో జ్వరాలవాళ్ళు, నెలలు నిండినవాళ్ళు దారి చూసి చూసి అలిసిపోయి ఉండేవారు.

ముందుగానే వెళ్ళి కాస్త వేడి చేద్దామంటే బండి షెడ్డు మా క్వార్టర్సు అవతల. చీకట్లో నిప్పు పట్టుకుని గుమ్మం దిగితే తుపాకీ పేలదని ఎవరు చెప్పగలరు? అందుకని ఆయన మేనేజరు దగ్గర అనుమతి తెచ్చుకుని ఒక ఆదివారం మా వంటింటి వెనక గోడ చెక్క పలకలు ఊడదీశాడు. బయట రేకుల చావడి వేశాడు. జీపును దాంట్లోకి తోసి, దాని ముందు భాగం మటుకు మా వంటింట్లోకి వచ్చేలా నిలబెట్టాడు. మిగిలిన సందుల్ని గోనెసంచులతో మూశాడు.

మా అత్త వచ్చి చూసి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

“ఏటిరా ఇది? వంటింటికి గోడ తీసేసినావు?”

“గోడ బదులు బండి ఉంటాది కదమ్మా. పొయ్యి వేడికి అది బిగుసుకుపోకుండా ఉంటాది.”

“మరి కోడలు ఎక్కడ వండుతాది? దాని మూతి మీదేటి?”

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆ బండి చలి నా పని అయిపోయింది. ఆయన రోజంతా కొండలు తిరిగి వచ్చి మంచం మీద పడితే మళ్ళీ లేచేవాడు కాదు. లేపడానికి నాకు మనసు ఒప్పేది కాదు.

కోడి కూయకముందే లేచి పొయ్యి రాజేసేదాన్ని. ఒక రేకు పళ్ళెంలో నిప్పులు తీసి, పైన బూడిద కప్పి, జీపు పొట్ట కిందికి జరిపేదాన్ని. పెట్రోలు ట్యాంకు సీటు కింద, బయటి వైపు ఉంటుంది కాబట్టి భయం లేదని ఆయన అనేవాడు. అయినా ఒక బకెట్టు ఇసుక పక్కన పెట్టుకునే ఆ పని చేసేదాన్ని. సాయంత్రం ఆయన విప్పి ఇచ్చిన ప్లగ్గుల్ని పెనం మీద వేయించి, గుడ్డలో చుట్టి ఉంచేదాన్ని. నీళ్ళు కాచి రేడియేటర్లో పోసేదాన్ని. తరవాత అదే పెనం కడిగి మాకు రొట్టె. ఎంత తోమినా రొట్టెకి పెట్రోలు వాసన వచ్చేది. కొన్నాళ్ళకి ఆ వాసన మాకు తెలియడం మానేసింది.

ఒక్క సుఖం ఉండేది. సాయంత్రం తిరిగి వచ్చిన జీపు బానెట్టు చాలాసేపు వెచ్చగా ఉండేది. మా అత్త పీట లాక్కుని దానికి వీపు ఆనించి కూర్చునేది. శ్రీకాకుళం వైపు నుంచి చిన్నప్పుడే ఓడ ఎక్కి వచ్చిన మనిషి. కింద సుంగై సుమున్ తోటల్లో బతుకంతా గడిపి, భర్త పోయాక కొడుకు దగ్గరికి ఈ కొండ మీదికి వచ్చింది. ఆ చలి ఆవిడ ఒంటికి ఏనాడూ పడలేదు.

ఒక ఏడాది వానలు పట్టుకుని వదలలేదు. కట్టెలు తడిసి పొగే గాని మంట రాదు. బొగ్గులకి వెళ్ళిన లారీ కొండచరియ విరిగి దారిలో ఆగిపోయింది. ఆ వారంలోనే మా అత్తకి దగ్గు రొమ్ములోకి దిగింది. మా ఆయన తన దగ్గరున్న మందులన్నీ ఇచ్చాడు. ఒక సాయంత్రం ఆవిడ రొమ్ము మీద గొట్టం పెట్టి విని, లేచి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

“రేపు పొద్దున్నే తాపా ఆసుపత్రికి తీసుకెళ్ళాల” అన్నాడు నాతో. “కాన్వాయ్ పొద్దున్నే బయలుదేరతాది. అది పోయిందంటే మళ్ళీ ఎల్లుండే.”

కొండ దిగి తాపా ఊరికి పోయే ఆ రోడ్డు మీద బండ్లు ఒంటరిగా పోకూడదు. ముందూ వెనకా సైనికుల బండ్లతో వరసగా పోవాలి. అదే కాన్వాయ్.

నేను బుట్ట అడుగున ఉన్న బొగ్గులన్నీ పొయ్యిలో వేశాను. తెల్లవారుజామున చూస్తే ఒక్క పళ్ళెం నిప్పులు మిగిలాయి. మా అత్త మంచం మీద వణుకుతోంది. పళ్లు కొట్టుకుంటున్న శబ్దం వంటింట్లోకి వినిపిస్తోంది. పళ్ళెం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. మంచం కింద పెట్టాలా, బండి కింద పెట్టాలా?

ఆవిడ కళ్ళు తెరిచి చూసింది.

“ఏటలా నిలబడిపోయినావు? దాని కింద ఎట్టు.”

“చలికి తట్టుకోలేకపోతున్నావు అత్తా.”

“నాకెట్టినా కాసేపే. అది లేవకపోతే నన్ను నువ్వు మోసుకెళ్తావేటి? బేగి ఎట్టు, అమ్మీ.”

నిప్పులు జీపు కింద పెట్టాను. నా దుప్పటి, ఆయన దుప్పటి, నా పెళ్ళి చీర కూడా ఆవిడ మీద కప్పి, పక్కన పడుకుని కావలించుకున్నాను. అంతకుముందు మేమిద్దరం ఒకరినొకరు అలా ముట్టుకున్నది లేదు. ఆవిడ ఎంత చిక్కిపోయిందో అప్పుడు తెలిసింది.

సైరను మోగింది. ఆయన హ్యాండిల్ వేసి తిప్పాడు. రెండోసారికే ఇంజన్ అందుకుంది. ఆయన ముఖం చేత్తో తుడుచుకున్నాడు. అత్తని దుప్పట్లతో సహా ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టాం.

చెక్‌పోస్టు దగ్గర బండ్లన్నిటినీ ఆపి, మనుషుల్ని దించి వెతుకుతున్నారు. అడవిలో వాళ్ళకి బియ్యం, తిండి డబ్బాలు చేరకూడదని ఆ సోదా. ఒక మలాయ్ పోలీసు మా దగ్గరికి వచ్చి దుప్పటి అంచు ఎత్తి చూశాడు.

“నెనెక్ సాకిట్?” అన్నాడు. అవ్వకి జబ్బా అని.

మా ఆయన తల ఊపాడు. పోలీసు ఆ అంచు మళ్ళీ జాగ్రత్తగా మెడ దాకా కప్పి, చెయ్యి ఊపి పంపించాడు. ఇంజన్ ఆపమని అడగలేదు. కాన్వాయ్ కదిలేదాకా అది నడుస్తూనే ఉంది. ఆ వెచ్చదనం తగిలేలా మా అత్త కాళ్ళు ముందుకి చాపించి, పాదాలు రుద్దుతూ కూర్చున్నాను.

ఆవిడ బతికింది. ఆసుపత్రిలో చాలా రోజులుంది. లేచి కూర్చోగానే మొదటి మాట, “కొండ మీదికి నేను రాను” అని. సుంగై సుమున్‌లో ఉన్న పెద్ద కొడుకు వచ్చి తీసుకెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, “నువ్వూ వచ్చీయ్, అక్కడ ఎండ ఉంటాది” అంది. ఎలా వస్తాను? పొద్దున బండి ఎవరు లేపుతారు?

ఆవిడ వెళ్ళాక ఇల్లు పెద్దదైపోయింది. మాట్లాడే మనిషి లేదు. ఆ తరవాతి కాలమంతా నాకు ఒకే పొద్దులా గుర్తుంది. లేవడం, ఊదడం, కళ్ళు మండడం. కడుపుతో ఉన్నప్పుడు వంగి పళ్ళెం జరపలేక కర్రతో తోసేదాన్ని. ఆయనా అలిసిపోయాడు. మేము దెబ్బలాడుకోలేదు. అందుకు కావలసిన ఓపిక ఇద్దరికీ లేదు.

మెర్డేకా నాడు, అంటే మలయాకి స్వాతంత్ర్యం వచ్చిన రోజు, ఎస్టేటు క్లబ్బులో రేడియో పెట్టారు. అందరూ వెళ్ళారు, పాటలు పాడారట, కేకలు వేశారట. ఆయన కూడా వెళ్ళి వచ్చాడు. నేను పసిదాన్ని పక్కన వేసుకుని నిద్రపోయాను. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు నువ్వేం చేస్తున్నావని నా మనవలు అడిగితే ఈ మాటే చెప్తాను. వాళ్ళు తెలుగు సగం అర్థం చేసుకుని తమిళంలో నవ్వుతారు.

ఆ తరవాత కొత్త ల్యాండ్ రోవర్ వచ్చింది. పాత జీపును గొలుసు కట్టి లారీతో లాక్కుపోయారు. ఆయన వంటింటికి కొత్త పలకలు కొట్టాడు.

కర్ఫ్యూ ఎత్తేశారని చెప్పిన సాయంత్రం ఆయన త్వరగా ఇంటికి వచ్చాడు.

“లే, అలా తిరిగొద్దాం” అన్నాడు.

“ఎక్కడికి?”

“ఎక్కడికీ కాదు. ఊరికే.”

పిల్లని ఆయన ఎత్తుకున్నాడు. చీకటి పడుతుంటే తేయాకు వరసల పక్కన రోడ్డు మీద నడిచాం. ఎవరూ ఆపలేదు. మలుపు దాకా వెళ్ళేసరికి నా కాళ్ళు లాగాయి. గట్టు మీద కాసేపు కూర్చున్నాం. పిల్ల ఆయన భుజం మీద నిద్రపోయింది. ఇంకాస్త ముందుకి వెళ్దామా అని ఆయన అడిగాడు. రేపు వెళ్దాంలెండి అన్నాను.