కౌసల్యమ్మ గుర్తుమాట

గద్వాలలో నలభై ఏళ్లుగా చీరలు నేస్తున్న కౌసల్యమ్మ ఎవరినీ నమ్మదు, ఎవరితోనూ మెల్లగా మాట్లాడదు. మగ్గం చప్పుడును దాటి వినబడాలి కదా, గొంతు అలా పెరిగిపోయింది. ఫోన్లో పంపేవాటిని మధ్యలో దొంగలు కాజేస్తారని పోలీసులు పెట్టిన మీటింగులో విన్నప్పటి నుంచి బస్టాండులో ఉచిత వైఫై వైపు కన్నెత్తి చూడదు. కొత్త అంచు ఫోటో ఎవడి చేతిలోనైనా పడితే, తన చీర మగ్గం దిగేలోపే ఊళ్లో పది చీరలు తయారవుతాయని ఆమె భయం. అందుకే వనపర్తిలో చీరలమ్మే చెల్లెలి కూతురు భవ్యశ్రీకి ఫోటో పంపేముందు, ఫోను కొంగు చాటున పెట్టుకుని గుర్తుమాట అడుగుతుంది.

మొన్నా అడిగింది. "నువ్వు మా భవ్యవేనా? అయితే చెప్పు, మీ అమ్మ పెండ్లి చీర రంగేంది?"

భవ్యశ్రీ తడబడింది. "పెద్దమ్మా, జర యాదికొస్తలేదే..."

"చిలకపచ్చ! నేరేడు రంగు అంచు!" గోడవతల నుంచి పక్కింటి పాండు అందించాడు. అతనిదీ మగ్గమే.

కౌసల్యమ్మ చటుక్కున గోడవైపు తిరిగింది. "ఇన్నవా బిడ్డా? హ్యాకర్లు గోడ దాంక వచ్చిండ్రు! గుర్తుమాట ఇప్పుడే మారుస్త, రాసుకో!" అంటూ ఫోనుకు కొంగు ఇంకో చుట్టు చుట్టి, దానికి నోరు ఆనించి, వీధి చివరి దాకా వినబడేలా కొత్తమాట చెప్పసాగింది.

గోడవతల మగ్గం ఆగింది. పాండు పెన్ను వెతుక్కుంటున్నాడు.