చెప్పులు విప్పితే తెలిసిన నేల

నా చిన్నప్పుడు తాండూరులో గోల్ఫ్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. మా వాడ పిల్లలకు తెలిసిందంటే అది పక్కింటి తాత పుణ్యమే. ఆయన హైదరాబాదు గోల్ఫ్ మైదానంలో ముప్పై ఏళ్లు ఆటగాళ్ల కర్రల సంచులు మోసి, వాళ్లు వద్దనుకున్న కర్రలను కట్టగట్టి ఊరికి తెచ్చుకున్నాడు. కంది కోత అయిపోయిన చేలో, ఆదివారం పొద్దున్నే, ఇద్దరు స్నేహితులతో కలిసి పైసా తీసుకోకుండా మాకు నేర్పేవాడు. ఆలస్యంగా వస్తే ఆట లేదు. అవతలివాళ్లు కొడుతుంటే నోరు మెదపకూడదు. ఆట సంగతి తెలియకపోయినా, నేను కాసేపు నోరు మూసుకుంటున్నానని మా అమ్మ తెగ సంబరపడింది.

ఒక ఏడాది, తాతలాగే మరొకాయన నేర్పిన వికారాబాద్ పిల్లలతో పోటీ పెట్టారు. గెలిచిన జట్టుకు హైదరాబాదులో అసలైన పచ్చగడ్డి మైదానం చూపిస్తానన్నాడు తాత. ఇంక నా కాళ్లు నేల మీద నిలిస్తేనా! బంతిని మెల్లగా గుంటలోకి దొర్లించడం నా వంతు. మా ఇంటి నిండా నున్నటి నాపరాళ్లే కదా, వారమంతా ముందు గదిలో గ్లాసు పడుకోబెట్టి సాధన చేశాను. కర్ర తగిలితే చాలు, బంతి జర్రున వెళ్లి గ్లాసులో దూరేది. నన్ను మించినవాళ్లు లేరని వాడంతా చాటుకున్నాను.

పోటీలో రెండు జట్లూ సమానంగా నిలిచాయి. చివరి మూడు దెబ్బలూ నావే. ఒక్కటి పడితే హైదరాబాదు మాదే. పోటీ కోసం గుంట చుట్టూ కొత్తగా ఇసుక పరిచి చదును చేశారు. ఇంట్లోలాగే సుతారంగా కొట్టాను. బంతి సగం దూరం కూడా పోలేదు. రెండోసారీ అంతే. ఏడుపు ఆపుకుంటూ కర్ర వంకరగా ఉందన్నాను.

తాత కోప్పడలేదు. తన చెప్పులు విప్పి నా పక్కన నిలబడ్డాడు. "కర్ర మంచిగనే ఉంది బిడ్డా. నువ్వే ఇంకా మీ ఇంట్ల ఆడుతున్నవ్. జర చెప్పులిడిసి గీడ నడువు," అన్నాడు.

నడిచాను. ఇసుక వేళ్ల మధ్య చేరి అడుగును పట్టి లాగింది. బంతి పడుతున్న కష్టం అప్పుడు అర్థమైంది. ఈసారి జంకకుండా గట్టిగా కొట్టాను. బంతి గుంట అంచున ఆగినట్టే ఆగి, లోపల పడింది. నా అరుపుకు పక్క చేలో ఎద్దులు బెదిరాయని అమ్మ బతికున్నన్నాళ్లూ చెప్పేది.

హైదరాబాదులో ఆ పచ్చగడ్డి కనపడగానే అందరం చెప్పులు విప్పేశాం. తాత తెలిసినవాళ్లను బతిమాలి, ఒక్క దెబ్బ కొట్టమని నాకు కర్ర ఇచ్చాడు. ముప్పై ఏళ్లు ఆ గడ్డి మీద తిరిగినా తను ఒక్కసారీ కొట్టలేదని దారిలోనే చెప్పాడు. కర్ర తిరిగి ఆయన చేతికే ఇచ్చాను. ఆయన కొట్టిన బంతి ఎంత దూరం పోయిందో నాకు గుర్తులేదు. తాత ముఖం మాత్రం గుర్తుంది.

పెద్దయ్యాక అత్తారింట్లోనైనా, కొత్త కొలువులోనైనా, ముందు అక్కడి నేల ఎలాంటిదో చూసుకున్నాకే మాట్లాడాను. ఇప్పుడు వికారాబాద్‌లో ఆదివారాలు నేనూ పిల్లలకు ఈ ఆట నేర్పుతున్నాను. కొత్తగా వచ్చిన పిల్ల కర్ర కోసం చెయ్యి చాపితే, ముందు చెప్పులు విప్పమంటాను.